పదో వార్డు కనకమహాలక్ష్మి

2001 జూన్ 24, ఆదివారం

జనవరిలో పుస్తకాల కంపెనీవాళ్ళు స్కూలుకి వచ్చినప్పుడు ఇచ్చిన డైరీ ఇది. ఆరు నెలలుగా బీరువాలో ఖాళీగా పడి ఉంది. ఇవాళ్టి నించి రాస్తాను. రాయదగ్గ విషయం నా జీవితంలో ఇన్నాళ్ళకి జరిగింది.

ఢిల్లీలో రాజ్యాంగాన్ని సమీక్షించడానికి కమిషన్ వేశారు కదా. ప్రజలు కూడా అభిప్రాయాలు పంపవచ్చునట. మా ఊరి పౌర చైతన్య వేదిక అధ్యక్షుడు త్రినాధరావుగారు నిన్న బెల్లం మార్కెట్‌లో తన కొట్టుకి నన్ను పిలిపించారు. "మాస్టారూ, మనవూ ఓ సదస్సు పెట్టి అభిప్రాయాలు పంపించీదాం. పిల్లలకి సివిక్స్ చెప్పీది మీరే కదా, కన్వీనరు మీరే" అన్నారు. ఇరవై రెండేళ్ళుగా తొమ్మిదో తరగతికి ప్రాథమిక హక్కులు చెబుతున్నాను. ఒక్కడూ ఆవులించకుండా విన్న పాపాన పోలేదు. ఇప్పుడు దేశం వినబోతోంది.

"ఇంతకీ ఆ రాజ్యాంగం ఎన్ని పేజీలుంటాదండి?" అని అడిగారు త్రినాధరావుగారు.

"చాలా ఉంటుందండి."

"అయితే ఒక పూటలో తెవల్దు. భోజనాలు కూడా పెట్టించీదాం."

నేనొక కొత్త పద్ధతి చెప్పాను. పెద్దమనుషులను పిలిస్తే అది సన్మాన సభ అయిపోతుంది. ఓటర్ల జాబితా నించి చీటీలు తీసి ముప్పైమంది మామూలు పౌరులను పిలుద్దాం, ఎవరి పేరు వస్తే వారే మాట్లాడాలి అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "మరి మన మనుషులు రాకపోతేనో?" అన్నారు. "అందరూ మన మనుషులేనండి" అన్నాను. ఆ మాట బాగుందని చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకున్నారు, ఉపన్యాసంలో వాడుకోవడానికి.

ఇంటికి వచ్చి మా ఆవిడ సువార్తతో చెప్పాను. పప్పు ఏరుతూ, "చీటీలో పేరొస్తే ఎవరైనా వచ్చి అడగొచ్చాండి?" అంది. ఎవరైనా అన్నాను. "ఏటైనా అడగొచ్చా?" అంది. ఏదైనా అన్నాను. ఉత్సాహంలో ఉన్నాను.

జూన్ 29, శుక్రవారం

మా అమ్మాయి జాయ్స్ కౌన్సెలింగ్ కాగితాలు వరసగా సర్దాను. టెన్త్ మార్కులు, ఇంటర్ మార్కులు, ఎంసెట్ ర్యాంకు కార్డు, కులధ్రువీకరణ పత్రం. కాగితాలన్నిటిలో దాని పేరు జ్యోతి. ఇంట్లోనూ చర్చిలోనూ జాయ్స్. ఓపెన్‌లో అయితే ఆ ర్యాంకుకి ఏ మారుమూల కాలేజీలోనూ సీటు రాదు. ఎస్సీ కోటాలో అయితే వైజాగ్‌లో ప్రభుత్వ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ వస్తుంది. పోయినేడు కటాఫ్ చూసి నాలుగుసార్లు సరిపోల్చుకున్నాను.

కాగితాల ప్రకారం మేము హిందువులం. ఇందులో అబద్ధమేమీ లేదు. పుట్టిన పేట మారలేదు, పేట వాళ్ళమని జనం చూసే చూపూ మారలేదు. మారిందల్లా ఆదివారం వెళ్ళే చోటు. ఆ సంగతి కాగితం అడగలేదు, మేమూ చెప్పలేదు. నేను చర్చి సంఘ కార్యదర్శినని ఊరంతటికీ తెలుసు. సర్టిఫికెట్ రాసిచ్చిన గుమస్తాకీ తెలుసు, క్రిస్మస్‌కి అతనింటికీ కేకు పంపిస్తాం. ఒక్క కాగితానికే తెలీదు.

ఈ విషయంలో మా నాన్న ముందుచూపు మెచ్చుకోవాలి. వరప్రసాదరావు అనే పేరు చర్చి రిజిస్టర్‌లోనూ చెల్లుతుంది, ఆఫీసు రిజిస్టర్‌లోనూ చెల్లుతుంది. సువార్తకి ఆ వీలు లేకపోయింది. ఒకటో తరగతిలో వేయడానికి వాళ్ళ నాన్న తీసుకెళితే, ఆ పేరుతో రాస్తే పిల్లకి స్కాలర్‌షిప్పు రాదని హెడ్మాస్టరే అన్నాడట. ఆ రోజు గురువారం, అమ్మవారి వారం కనక కనకమహాలక్ష్మి అని రాసేశాడు. సువార్తకి తన కాగితం పేరు రెండోరోజు హాజరు పిలిచినప్పుడు గానీ తెలియలేదట. పలకలేదని దెబ్బ కూడా తిందట.

జులై 1, ఆదివారం

ఆరాధన అయ్యాక బామ్మర్ది స్టాన్లీ భోజనానికి వచ్చాడు. అతను బీఎడ్ చదివాడు. ఇప్పుడు బెల్లం మార్కెట్‌లో లారీ లోడింగు మేస్త్రి. అతన్ని బడిలో వేసేనాటికి మా మామగారు గుంటూరులో క్రైస్తవ మహాసభలకి వెళ్ళి వచ్చి ఉన్నారు. మతం ఏదని అడిగితే, నిజమే చెబుతానని ఒట్టేసుకున్నానంటూ "క్రైస్తవులం" అన్నారు. దాంతో అక్క ఎస్సీ, తమ్ముడు బీసీ-సీ అయ్యారు. టీచరు పరీక్ష రెండుసార్లు రాశాడు. ఎస్సీలో ఉంటే రెండుసార్లూ ఉద్యోగం వచ్చే మార్కులే.

అతను వెళ్ళాక సువార్త నా దగ్గర కూర్చుని, "సదస్సులో వీడి సంగతి అడగాలండి. ఒక్క తల్లి పిల్లలం కదా, నేనొకటి, వాడొకటి ఎలాగవుతాం?" అంది.

1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మూడో పేరా అలా ఉంది, హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారు తప్ప ఇంకెవరూ ఎస్సీ కారని రాసి ఉంది అని చెప్పాను.

"అదే. ఆ పేరా తీసెయ్యమని అడగడానికే కదండి ఈ సమీక్ష?"

ఇంత మంచి ప్రశ్న నా క్లాసులో ఎవరూ అడగలేదు. అడగనందుకు వాళ్ళ మీద ఇవాళ మొదటిసారి అభిమానం కలిగింది.

జులై 3, మంగళవారం

సదస్సు తేదీ ఖాయమైంది. ఆగస్టు 12, ఆదివారం ఉదయం పది గంటలకి, కల్యాణ మండపంలో. ఆదివారమైతే అందరికీ సెలవని నేనే సూచించాను. మా సంఘం వాళ్ళకి అదే వేళకి ఆరాధన ఉంటుంది, పాపం రావడానికి కుదరదు. అది నా ఉద్దేశం కాదు.

పాస్టరుగారిని అడిగి నాకు మాత్రం ఆ వారం సెలవు తీసుకున్నాను. దేశసేవ కదా.

జులై 7, శనివారం

త్రినాధరావుగారి కొట్టు వాకిట్లో చీటీలు తీశాం. జాబితాలో ప్రతి ఇరవయ్యో పేరూ పట్టుకుని మా తొమ్మిదో తరగతి బి సెక్షన్ పిల్లలు రాశారు, పేరూ వార్డూ మాత్రం. తండ్రి పేరు, భర్త పేరు కూడా రాయమంటే దసరా దాకా రాస్తూనే ఉండేవారు. చుట్టుపక్కల మండలాల వాళ్ళకి ఊరి పేరు రాశారు. చీటీలు వేయడానికి ఏదైనా ఇమ్మంటే వేదిక అటెండరు పరదేశి బెల్లం దిమ్మలు పెట్టే బుట్ట తెచ్చాడు. అడుగున పాకం అంటుకుని ఉంది. చీటీలతో పాటు చీమలు కూడా వచ్చాయి. చీమలకి ఓటు లేదని ఎవరో అంటే అందరూ నవ్వారు.

చీడికాడ చెరకు రైతు సత్తియ్య, కూరల అంగడి కాసులమ్మ, ఇలా ఇరవై తొమ్మిది వచ్చాయి. ముప్పయ్యోది తీస్తే పాకానికి అంటుకుని రెండు చీటీలు కలిసి వచ్చాయి. పైది దేముడమ్మ, నక్కపల్లి. కిందది నేనే విప్పాను.

"ముప్పై అయిపోయాయండి. ఇది మళ్ళీ బుట్టలో వేసేద్దాం" అన్నాను.

త్రినాధరావుగారు చీటీ అందుకుని చదివి కళ్ళకద్దుకున్నారు. "కనకమహాలక్ష్మి అండి. ఆ పేరు చేతికొచ్చేక బుట్టలో పారీడవేటి మాస్టారూ, కొట్టుకి అరిష్టం కాదా? ముప్పై ఒకటి చేసీండి."

చేసేశాను.

జులై 8, ఆదివారం

పదో వార్డులో కనకమహాలక్ష్ములు చాలామంది ఉంటారు. ఆ అమ్మవారి పేరు ఈ జిల్లాలో వీధికొకరికి ఉంటుంది.

జులై 9, సోమవారం

జాబితా చూశాను. ప్రతి ఇరవయ్యో పేరు లెక్కన పదో వార్డులో కనకమహాలక్ష్మి ఒక్కతే ఉంది. భర్త పేరు కూడా చూశాను. సరిగ్గానే ఉంది.

జులై 14, శనివారం

పౌరులకి ఆహ్వానపత్రాలు పంచే పని పరదేశిది. పదో వార్డుది మాత్రం దారిలోనే కనక నేనే ఇస్తానని తీసుకుని మేజా సొరుగులో పెట్టాను. సమయం చూసి ఇవ్వాలి. ఇంట్లో ఇప్పుడు కౌన్సెలింగ్ హడావుడి ఉంది.

పరదేశి మరీ బుద్ధిమంతుడు. పంచినట్టు సంతకాలు కావాలని కాగితం పట్టుకుని ఇవాళ మా వీధిలోకి వచ్చాడు. నేను స్కూల్లో ఉన్నాను. కనకమహాలక్ష్మిగారిల్లు ఏదని ఎనిమిది ఇళ్ళలో అడిగాడట. అలాంటావిడ ఈ వీధిలో లేదని ఎనిమిది ఇళ్ళవాళ్ళూ చెప్పారట. ఇరవై ఏళ్ళుగా పక్కింట్లో ఉన్న వాళ్ళూ అదే చెప్పారట. మా ఇంటి ముందుకొచ్చి అడిగితే సువార్త తడి చెయ్యి చీరకొంగుకి తుడుచుకుని, "నేనే బాబూ" అని సంతకం పెట్టిందట.

ఇది తనే నాకు చెప్పింది. చెబుతూ నవ్వింది. పెళ్ళయ్యాక తను అంత నవ్వడం నాకు గుర్తు లేదు.

జులై 15, ఆదివారం

సొరుగులోంచి పత్రం తీసి ఇచ్చాను. మర్చిపోయానన్నాను. "పోన్లెండి" అంది. తర్వాత రెండుమూడు సార్లు చదువుకుంది. "గౌరవనీయ పౌరురాలికి" అన్న చోట వేలు పెట్టి జాయ్స్‌కి చూపించింది.

మెల్లగా నచ్చచెప్పాను. సభలో విలేకరి ఉంటాడు. పేరు పేపర్లో పడుతుంది. ఎస్సీ జాబితాలో ఉన్నామె మేము క్రైస్తవులమని నిండు సభలో చెప్పినట్టు అవుతుంది. ఎవడో ఒకడు అర్జీ పెడతాడు. విచారణ వస్తుంది. కౌన్సెలింగ్ ఆగస్టు 20న. పిల్ల సీటు పోతుంది, ఆ వెనక నా ఉద్యోగం.

"పేపర్లో రాకండా అడుగుతాను."

"సభలో అడిగితే పేపర్లో రాకుండా ఎలా ఉంటుంది?"

"మరి ఎవరూ వినకండా అడగడానికైతే సభెందుకండి?"

కాస్త కోపంగానే విడమరచి చెప్పాను. చూడు, కనకమహాలక్ష్మికి ఆ మూడో పేరాతో ఇబ్బంది లేదు, కాబట్టి ఆమె అడగనక్కరలేదు. సువార్తకి ఇబ్బంది ఉంది, కానీ ఆమె పేరు జాబితాలో లేదు, కాబట్టి ఆమె అడగకూడదు. రాజ్యాంగపరంగా ఇంతే.

తను అంతా విని, "అయితే ఇంట్లో వండుతున్నది ఎవరండి?" అంది.

జులై 21, శనివారం

సదస్సు నిబంధనలు రాసి త్రినాధరావుగారికి చూపించాను. మొత్తం తొమ్మిది. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. వ్యక్తిగత దూషణలు కూడదు. కిళ్ళీలు బయట వేసుకోవాలి. నాలుగోది: సభ్యులు ఓటర్ల జాబితాలో ఉన్న పేరే చెప్పాలి, వేరే పేరు చెప్పినవారిని పౌరులుగా గుర్తించడం కుదరదు.

"ఈ నాలుగోది ఎందుకండి?" అన్నారు ఆయన.

"దొంగ పౌరులు చొరబడకుండానండి."

"అదీ నిజవే. మా కొట్లోనూ అంతే, సరుకు మీద మార్కు లేకపోతే తియ్యనివ్వను."

పద్ధతి అనేది ఉండాలి కాబట్టి రాశాను. ఎవరినీ ఉద్దేశించి రాయలేదు.

జులై 30, సోమవారం

చీడికాడ నించి సత్తియ్య స్కూలుకే వచ్చాడు. సదస్సులో ఏం అడగాలో ముందే కనుక్కుని పోదామని వచ్చాడట. చెరకు తోటలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా మీద ఆకు గీతలు ఉన్నాయి.

"మా గెడ్డ మీద వంతెన నేదండి. వానొత్తే పిల్లలు బడికెళ్ళరు. ఈ రాజ్జాంగం మార్సితే వంతెనొత్తాదా బాబూ?"

వంతెన రాజ్యాంగంలో రాదు, అది వేరే శాఖ అని చెప్పాను.

"మరి రోడ్డు?"

"అదీ రాదు."

"కరెంటు?"

"అదీ అంతే."

"మరందులో ఏటొత్తాది బాబూ?"

హక్కులు వస్తాయి అన్నాను. అతను తలూపి, "అయి మాకు శానా ఉన్నాయని మొన్న ఎలచ్చన్ల కాడ కూడా సెప్పేరండి" అని వెళ్ళిపోయాడు. ప్రజల్లో రాజ్యాంగ చైతన్యం చాలా తక్కువగా ఉంది. రిపోర్టులో ఈ అంశం రాయాలి.

ఆగస్టు 5, ఆదివారం

చర్చిలో స్త్రీల సమాజం వాళ్ళు సువార్త కోసం ప్రార్థన చేశారు. పన్నెండున ఆమె నోట మంచి మాటలు రావాలని. కార్యదర్శిగా నేను ఆమెన్ అనవలసి వచ్చింది.

ఆగస్టు 11, శనివారం

మధ్యాహ్నం బడి నించి వచ్చేసరికి తల్లీకూతుళ్ళు ముందు గదిలో ఉన్నారు. సువార్త కాగితం మీద ఏదో రాసుకుని, అది చూడకుండా జాయ్స్‌కి అప్పచెబుతోంది. నన్ను చూసి ఆపింది.

జాయ్స్ లేచి నా దగ్గరికి వచ్చి, "డాడీ, నా సీటు గురించి మమ్మీని భయపెట్టకండి. అడగనివ్వండి" అంది.

"సీటు పోతే?"

పద్దెనిమిదేళ్ళ పిల్ల. పోతే పోనీ అనగలదు, కానీ అంది కాదు. ఎంసెట్ కోసం రెండేళ్ళు అది తెల్లవారకుండా లేచి చదివింది. నేనెరుగుదును.

సువార్త మా ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడింది. "నేను మన ఇంటి ఊసు ఎత్తను. మీ పేరు చెప్పను. దీని పేరు చెప్పను. వాడి సంగతి ఒక్కటే అడిగి వచ్చెత్తాను. సరేనా?"

నేను సరే అనలేదు. వద్దనీ అనలేదు.

ఆగస్టు 12, ఆదివారం

సదస్సు దిగ్విజయంగా జరిగింది. పప్పు కాస్త మాడింది.

ఆగస్టు 13, సోమవారం

నిన్న అలసట వల్ల రాయలేకపోయాను. వివరాలు: బ్యానరు మీద సమీక్ష అనే మాటలో దీర్ఘం ఎగిరిపోయింది. త్రినాధరావుగారి పేరు మాత్రం అన్ని దీర్ఘాలతోనూ వచ్చింది. ఆయన నలభై నిమిషాలు మాట్లాడారు, అందరూ మన మనుషులేనన్నారు. చప్పట్లు బాగా పడ్డాయి. పౌరులు తొమ్మిదిమంది కాలవల గురించి, ఆరుగురు రైళ్ళు ఇక్కడ ఆగకపోవడం గురించి, నలుగురు చెరకు గురించి మాట్లాడారు. సత్తియ్య లేచి, "నాకు హక్కులు సాలండి, వంతెనెయ్యండి" అని కూర్చున్నాడు. కాసులమ్మ తనకేమీ ఇబ్బంది లేదని, తొందరగా వదిలేస్తే అంగడి తెరుచుకుంటానని చెప్పింది.

పిలిచినవారు 31. హాజరు 30. గైర్హాజరు 1. రిపోర్టులో అలాగే రాశాను.

ఆగస్టు 14, మంగళవారం

పొద్దున్న సువార్త కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, "మాస్టారూ, కాఫీ" అంది. సరదాకి అంది కాబోలు.

ఆగస్టు 15, బుధవారం

స్కూల్లో జెండా ఎగరేశాక వేదిక వాళ్ళు నాకు శాలువా కప్పారు. రిపోర్టు ఢిల్లీకి రిజిస్టర్డ్ పోస్టులో వెళ్ళిందట. పరదేశి మిఠాయి పొట్లాం ఇస్తూ నా మొహంలోకి చూశాడు. "మాస్టారండి, మా ఇంటిదానికీ రెండు పేర్లేనండి" అన్నాడు మెల్లగా. నేను విననట్టు ఊరుకున్నాను. అతను ఇంకో పొట్లాం చేతిలో పెట్టి, "ఇది అమ్మగారికండి" అన్నాడు.

శాలువా ఇంటికి తెచ్చి చూపిస్తే సువార్త చేత్తో తడిమి, "బాగుంది మాస్టారూ" అంది.

ఆగస్టు 17, శుక్రవారం

మళ్ళీ అదే. అన్నం తినేటప్పుడు, "మజ్జిగ పొయ్యనా మాస్టారూ" అంది. జాయ్స్ నవ్వబోయి తల్లి మొహం చూసి మానేసింది. కోపం కనబడదు. బట్టలు ఇస్త్రీ చేసి పెడుతుంది, మందు బిళ్ళ చేతికిస్తుంది. మాటలు కూడా మామూలుగానే ఉన్నాయి. ఇరవై ఒక్క ఏళ్ళుగా "ఏవండీ" అనే మాట వింటూ ఉన్నాను. ఇంట్లో అది లేకపోవడం గడియారం ఆగిపోయినట్టుగా ఉంది.

ఆగస్టు 20, సోమవారం

సీటు వచ్చింది. వైజాగ్‌లోనే, కంప్యూటర్ సైన్స్.

ముగ్గురం తెల్లవారి బస్సులో వెళ్ళాం. కాగితాల ఫైలు సువార్తే ఒళ్ళో పెట్టుకుంది. వేరే మనిషిని చూస్తున్నట్టు భయంగా ఆమెనే చూస్తూ కూర్చున్నాను. సర్టిఫికెట్లు చూసే ఆయన ఒక్కొక్క కాగితం తిప్పుతూ, "తల్లి పేరు?" అన్నాడు.

"కనకమహాలక్ష్మి" అంది సువార్త. తడబడలేదు, నా వైపు చూడలేదు.

"మతం?"

"అందులో రాసి ఉందండి."

ఆయన ముద్ర వేశాడు. బయటికి వచ్చాక జాయ్స్ తల్లి మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది. నేనూ దగ్గరికి వెళ్ళాను. సువార్త నాకు చోటు ఇచ్చి కాస్త పక్కకి జరిగింది, బస్సులో తెలియనివాళ్ళకి జరిగినట్టు.

నా జీవితంలో చాలా సంతోషకరమైన రోజు.

ఆగస్టు 23, గురువారం

చాలా సంతోషంగా ఉంది.

ఆగస్టు 26, ఆదివారం

ఇవాళ చర్చికి వెళ్ళలేదు. ఒంట్లో బాగులేదని చెప్పాను. తల్లీ కూతురూ వెళ్ళారు. స్టాన్లీ వచ్చి తీసుకెళ్ళాడు. వాకిట్లో నిలబడి, "ఒంట్లో ఎలా ఉంది బావా? అక్క ఆ రోజు ఏం అడిగింది? నాకేటీ చెప్పట్లేదు" అన్నాడు. సమయం చాలక అడగలేదన్నాను. "పోన్లే బావా, పిల్లకి సీటొచ్చింది, అది చాలు" అని నా భుజం తట్టాడు. అతని మొహం చూడలేకపోయాను.

రిపోర్టులో రాయలేదు. ఈ డైరీలోనూ రెండు వారాల నించి రాయలేదు. ఇది ఎవరూ చదవరు, నేనే చదువుతాను. అయినా రాయలేదు. ఇప్పుడు ఇంట్లో ఎవరూ లేరు, రాస్తాను.

గైర్హాజరు ఎవరూ లేరు. ముప్పై ఒకరూ వచ్చారు.

ఆమె తెల్ల చీర కట్టుకుని, చర్చికి వెళ్ళేటప్పుడు కట్టుకునేది, నాలుగో వరసలో కూర్చుంది. నేను ఇంటి నించి ముందే వచ్చేశాను, ఆమె ఒక్కతీ నడిచి వచ్చింది. పదకొండున్నరకి ఆమె వంతు వచ్చింది. నేను మైకులో "కనకమహాలక్ష్మి, పదో వార్డు" అని చదివాను. ఆమె లేచింది. చేతిలో కాగితం లేదు. అప్పచెప్పుకుని వచ్చింది కదా.

"ఆ పేరు చీటీలోదండి. నన్ను అందరూ పిలిచీది సువార్త అని. నాకొక తమ్ముడున్నాడు. ఇద్దరం ఒక్క తల్లి కడుపునే పుట్టేం, ఒక్క పేటలో పెరిగేం. బడిలో నన్ను వేరే పేరుతో రాసేరు, వాణ్ణి ఉన్న పేరుతో రాసేరు. నిజం చెప్పినోడికి ఉద్యోగం పోయింది. చెప్పనోళ్ళకి ఉంది. మీరందరూ రాజ్యాంగం బాగుచేద్దావంటున్నారు కదా. నిజం చెబితే మనిషికి పోనిది ఏటైనా ఒక్కటి అందులో ఉంటే చూపించండి, లేపోతే రాయండి. నేనింతే అడుగుతున్నాను."

మూడు నిమిషాలు కాలేదు. ఒక్క నిమిషం పట్టింది. సత్తియ్య చేతులు కట్టుకుని వింటున్నాడు. ముందు వరసలో విలేకరి అంతవరకూ టీ తాగుతున్నవాడు కప్పు కింద పెట్టి కలం తీశాడు. "ఏ పేరన్నారమ్మా? మీ ఆయన ఏం చేస్తాడు?" అని అడిగాడు.

ఆమె నోరు విప్పలేదు. ఇంటి ఊసు ఎత్తనని మాట ఇచ్చింది కదా.

త్రినాధరావుగారు కంగారుగా నా వైపు వంగి, మైకు దగ్గరే, అందరికీ వినబడేటట్టు, "ఈవిడెవరు మాస్టారూ? జాబితాలో మనిషేనా? మీకు తెలుసా?" అన్నారు.

విలేకరి కలం నా వైపు తిరిగింది. నాకు ఆ క్షణంలో జాయ్స్ ర్యాంకు కార్డు కనబడింది. ఇది నిజం. పిల్ల సీటు కోసమే అన్నాను. పూర్తిగా పిల్ల కోసమే కాదు. ముప్పైమంది ముందు, విలేకరి ముందు, నా మొహం దాచుకోవడానికి కూడా అన్నాను.

"తెలీదండి. నాలుగో నిబంధన ప్రకారం ఆవిడని పౌరురాలిగా గుర్తించడం కుదరదు."

సువార్త నన్ను చూసింది. ఎంతసేపో తెలీదు. తను ఒక్క మాట అంటే చాలు, ఈయన నా మొగుడు అంటే చాలు. సీటూ ఉద్యోగమూ శాలువా అన్నీ అక్కడితో సరి. నీళ్ళ గ్లాసులు పట్టుకుని పరదేశి గోడకి ఆనుకుని నిలబడ్డాడు, అతనూ ఆ మాట కోసమే చూస్తున్నాడు.

ఆమె కొంగు భుజం మీదికి లాక్కుని, సభకి దండం పెట్టి, చాలా మర్యాదగా అంది:

"ఆ మాస్టారు చెప్పింది నిజవేనండి. ఆయన్ని నేనూ ఎరగను."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.